బాపు నీళ్ల డబ్బా

నిజామాబాద్
1996 ఆగస్టు 26

చెల్లె రూతమ్మకు,

శారక్క రాసేది. బస్సు వేళకే చేరింది. మీ బావ, నేను క్షేమం. నేను చూసుకునే హాస్టలు పిల్లలకు జ్వరాలు తగ్గాయి. మీ అందరి కోసం పొద్దున, సాయంత్రం ప్రార్థిస్తున్నాను.

మొన్న గురువారం పొద్దున బోధన్‌లో మీ ఇంట్లో లేచిన సంగతి రాయాలనిపించింది. విశేషమేమీ లేదు. మామూలు పొద్దుటే. ఆరు కాకముందే మెలకువ వచ్చింది. ప్రార్థన చేసుకుని లేచేసరికి మరదలు వాకిలి ఊడ్చి పొయ్యి మీద చాయ్ పెట్టింది. యూరియా బస్తాలతో ఎడ్లబండి ఒకటి రోడ్డు మీద పోయింది. తమ్ముడు జీవరాజు వేపపుల్ల నోట్లో పెట్టుకుని షెడ్డు తలుపు తీశాడు. ఆ రేకు తలుపు ఇప్పటికీ కింద నేలకు రాసుకుంటూనే తెరుచుకుంటుంది. లోపల నూనె వాసన, ఇనుప పొట్టు వాసన. నేను చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడ్డాను.

నువ్వు కొంగు నడుముకు దోపి, తలకు గుడ్డ కట్టుకుని వచ్చావు. మన బాపు స్టూలు లాక్కుని సాన దగ్గర కూర్చున్నావు. పక్కన బాపు నీళ్ల డబ్బా. బర్మా బిట్టును తిరిగే రాయికి ఆనించావు. రవ్వలు లేచాయి. వేడెక్కగానే డబ్బాలో ముంచావు. చుయ్ మన్నది. మళ్లీ ఆనించావు, మళ్లీ ముంచావు. మూడుసార్లు అయ్యాక బిట్టును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసుకున్నావు. జీవరాజు నా వైపు తిరిగి, "సూసినవా అక్కా, నా చెల్లె చెయ్యి! దీని ముంగట మగోడు పనికిరాడు" అన్నాడు. నేను చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైంది.

ఇంతే ఆ పొద్దున. ఎందుకో మనసులోంచి పోవడం లేదు.

ఒక మాట. ఆ బిట్టుకు ఎడమ అంచు కొంచెం పొడుగుంది. రెండంచులూ సమానం లేకపోతే బెజ్జం వెడల్పు పడుతుంది. చూసుకో.

అక్క
శారమ్మ

*

బోధన్
సెప్టెంబరు 4

శారక్కకు రూతమ్మ దండాలు.

ఎడమ అంచు సంగతి నిజమే అక్కా! స్కేలు పెట్టి చూస్తే నూలుపోగంత తేడా. గడపలో నిలబడి చాయ్ తాగుతూ అది నీకెట్లా కనిపించింది? అన్నను అడిగితే, "అక్కవి గద్ద కండ్లు. నా చిన్నప్పుడు జేబుల జామకాయుంటే గోడవతల్నుంచి కనిపెట్టేది" అని నవ్వాడు.

ఇక అసలు సంగతి. మంజీర అవతల ఖండసారి మిల్లు నడిపే తుకారాం సేఠ్ నలభై కత్తులు తెచ్చి పడేశాడు. గానుగలో పడకముందు చెరుకును ముక్కలు చేసే పది మిల్లీల మందం ఉక్కు పలకలు అవి. ఆయన కొత్త చక్రం బిగించుకున్నాడు, పాత కత్తుల బెజ్జాలు దానికి కలవడం లేదు. ఒక్కో కత్తికి పన్నెండు మిల్లీల కొత్త బెజ్జాలు రెండు వేయాలి. కానీ అవి నీళ్లు పట్టించి గట్టిచేసిన ఉక్కు. మన బర్మా పెడితే కీచుమని జారిపోతుంది. చుక్కంత గుంట పడదు, బిట్టు మొన మాత్రం నల్లబడుతుంది.

అన్న, "కొలిమిల పెట్టి మెత్త చేసి, బొక్కలు గొట్టి, మళ్ల నీళ్లు పట్టిద్దాం సేఠ్" అన్నాడు. తుకారాం చేతులూపాడు. "నకో రే బాబా! పోయిన యేడు ఒకడు గట్లనే జేసిండు. కత్తికి పదును నిల్వలే. చెరుకు నరుకుడు బంద్, నములుడు షురూ. నిప్పుల పెడితే నేనొప్పుకోను." దీపావళికి ఆయన గానుగ తిరగాలి. ఆలోపు చేసిస్తే సీజనంతా మరమ్మతులు మన షెడ్డుకే ఇస్తానన్నాడు.

దీనికి కార్బైడ్ బర్మా కావాలట. అన్న ఇక్కడి దుకాణంలో కార్బైడ్ అని అడిగి ఒకటి తెచ్చాడు. తీరా చూస్తే అది గోడకు బెజ్జాలు కొట్టేది! మొన మీద చిన్న బిళ్ల అతికించి ఉంది. పెట్టగానే బిళ్ల ఊడి మూలకు పోయింది. తుకారాం పడీపడీ నవ్వాడు.

అక్కా, మీ ఊళ్లో గంజ్ మార్కెట్ దగ్గర ఆత్మారాం అనే ఆయన దుకాణంలో అసలైనవి దొరుకుతాయట. అన్నకు లేతు మీదనుంచి లేవడానికి తీరిక లేదు. నువ్వే పోయి, ఏది మంచిదో అడిగి కొని, ఎట్లా వాడాలో ఆయన చెప్పిందంతా రాసి పంపు. నీకు దండం పెడతాను. అన్న ఏమన్నాడో తెలుసా? "గీ నలభై కత్తులు నువ్వు జేస్తే బర్మా మిషను నీదే, షెడ్డుల పని నీదే. కాకుంటే మిస్త్రీని తెచ్చుకుంట, నీ బీడీల చాట నీకు." మా ఆయన పోయిన ఈ మూడేళ్లూ ఆ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తంబాకు దుమ్ముకు దగ్గి దగ్గి పక్కటెముకలు నొస్తున్నాయి. నేను మళ్లీ దాని ముందు కూర్చోలేను.

ఇంకొకటి చెప్తే నువ్వు సంతోషపడతావు. అన్న కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు: "మా ఖాందాన్‌ల మిషను ముంగట కూసున్న మొదటి ఆడిబిడ్డ మా రూతి" అని. మొన్న ఆదివారం గుడిలో పాస్టరమ్మ కూడా నా చేతులు పట్టుకుని చూసింది. నాకు సిగ్గేసింది. లోపల మాత్రం ఎంత బాగుండెనో.

నీ చెల్లె
రూతి

*

నిజామాబాద్
సెప్టెంబరు 14

చెల్లె రూతమ్మకు,

నీ ఉత్తరం అందింది. నిన్న హాస్టలు పని అయ్యాక ఆత్మారాం దుకాణానికి పోయాను. అరవై దాటిన మనిషి. నన్ను చూసి, "కుట్టుమిషను సూదులు పక్క దుకాణంలమ్మా" అన్నాడు.

"కార్బైడ్ బర్మాలు కావాలి" అన్నాను.

"గోడకా?"

"గట్టిచేసిన ఉక్కుకు. పది మిల్లీల మందం. పన్నెండు మిల్లీల బెజ్జం."

అప్పుడు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "ఉక్కు గట్టిదని ఎట్ల తెల్సిందమ్మా? ఆకురాయి పెట్టి సూసిన్రా?"

"నేను చూడలేదు. ఆకురాయి అద్దం మీద జారినట్టు జారితే గట్టిది. అంతే కదా?" అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మీ మనిషి మిస్త్రీనా?"

"కాదు. మా ఆయన బడిపంతులు."

ఆ తర్వాత స్టూలు వేసి కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. గోడ బర్మాకు మొనలోనే కార్బైడ్. ఉక్కుకు నిలువునా కార్బైడ్‌దే కావాలి. అది చేతిలో పెట్టుకుంటే మామూలు బిట్టుకంటే బరువుంటుంది. పొట్టిది తీసుకోవాలి. పొడుగుది ఊగుతుంది, ఊగితే విరుగుతుంది. మొన సూదిగా ఉన్నది వద్దు, మొద్దుగా ఉన్నది కావాలి. అటువంటివి మూడు ఎంచాను. ఒకదాని అంచు గోటికి తగిలింది, మార్పించాను. మన సంఘం మనిషి బోధన్ వస్తుంటే దూదిలో చుట్టి పంపుతున్నాను. కింద పడనీయకు. ఇది వజ్రంలా గట్టిది, గాజులా పెళుసు.

వాడే పద్ధతి. బిట్టును పట్టుకునే చక్‌లో దాన్ని లోతుగా పెట్టి బిగించు, బయటికి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. కత్తిని చేత్తో పట్టుకోకు. కింద మందమైన ఇనుప పలక వేసి, రెండు పక్కలా బోల్టులతో బిగించు. సుత్తితో గుర్తు కొట్టకు, గట్టి ఉక్కు మీద అది పడదు. వేగం మరీ ఎక్కువ కాకుండా బెల్టు నడిమి గాడిలో వేయి. బిట్టు తగిలిన తర్వాత అనుమానపడకుండా ఒకే ఒత్తుడు ఒత్తు. పైపైన రాకితే బిట్టే అరుగుతుంది. అవతలికి వెళ్లబోయే ముందు చెయ్యి తేలిక చేయి, అక్కడే పట్టుకుని విరుగుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకో. అంచు పోతే మన సాన మీద నూరకు. దానికి వేరే పచ్చరాయి కావాలి.

ఆయన చెప్పింది ఇంతే.

అక్క
శారమ్మ

*

బోధన్
సెప్టెంబరు 25

శారక్కకు,

మొదటి బెజ్జం పడ్డప్పుడు నువ్వుండాల్సింది! నువ్వు రాసినట్టే బిగించాను. ఒత్తితే చిన్న చిన్న బూడిదరంగు పొట్టు లేచింది. ముందు సన్నగా కూసింది, తర్వాత గొంతు సర్దుకున్నట్టు ఒకే మోత. అవతలికి దిగింది. తుకారాం సేఠ్ బెజ్జంలో వేలు పెట్టి చూసుకుని, "అరె తాయీ! వెన్నల దించినట్టు దించితివి గదా" అన్నాడు. అన్న ఏమో, "మరి ఎవరి చెల్లెననుకున్నవ్?" అంటాడు. వదిన, "నీ చెల్లె గాదు, వాళ్లవ్వ బిడ్డ" అని తగిలించింది.

కానీ అక్కా, తొమ్మిది కత్తులయ్యేసరికి రెండు బిట్లు పోయాయి. మొదటిదానికి మొన దగ్గర పెళ్ల లేచింది. రెండోది నిలువునా చీలింది, ఎండిన వెదురు చీలినట్టు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు. బిగింపు సరిగానే ఉంది. పలక వేశాను. గాడి నడిమిదే. వేడెక్కగానే బిట్టు విప్పి, బాపు పద్ధతిలో డబ్బాలో ముంచి చల్లార్చి మళ్లీ పెడుతున్నాను, అశ్రద్ధ చేయడం లేదు. మిగిలింది ఒక్కటే. అన్న మొహం మారింది. "చేతిల నిదానం లేదేమో రూతీ" అన్నాడు.

ఆత్మారాం ఇంకేమన్నా చెప్పాడా? గుర్తు చేసుకుని వెంటనే రాయి. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

రూతి

*

నిజామాబాద్
సెప్టెంబరు 30

చెల్లె రూతమ్మకు,

ఆయన చెప్పింది రాశాను. కొత్త చేతికి కొన్ని విరగడం మామూలే. బాపు చెయ్యి నిదానమైంది. ఊరంతా నిన్ను మొదటి ఆడబిడ్డ అంటున్నారు కదా, అందుకే తొందరపడుతున్నావేమో. గర్వం చేతిని వణికిస్తుంది. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

అక్క
శారమ్మ

*

బోధన్
అక్టోబరు 5
(కార్డు)

అక్కకు జీవరాజు దండం.

మూడో బిట్టు నిన్న పగిలింది. తునక ఎగిరొచ్చి రూతి కనుబొమ్మ మీద గొట్టింది. అద్దాలు పెట్టుకున్నది గని చెమటకు జారినయి. కన్ను బతికింది. నాలుగు కుట్లు. నీకు రాయొద్దన్నది, నేనే రాస్తున్న. దాని చెయ్యి మంచిది గాదు అక్కా, ఊకె మురిసిన. నాందేడ్‌ల ఒక మిస్త్రీ ఉన్నడట. నేనూ, నా భార్య 20 తారీఖు ఆదివారం మీ ఇంటికొస్తం. బావను, నిన్ను అడిగి ఆయనకు కబురు పెడత. రూతి మళ్ల చాట ముంగటేసుకున్నది. 

జీవరాజు

*

నిజామాబాద్
అక్టోబరు 8

రూతీ,

ఆత్మారాం ఇంకొక మాట చెప్పాడు. అన్నిటికంటే ముందు చెప్పింది అదే. "అమ్మా, దీనికి నీళ్లు సూపియ్యొద్దు. కాలుతున్నప్పుడు సల్లనీళ్లల్ల ముంచితే లోపల పగుల్తది, పైకి కనపడది. మళ్ల పెట్టినప్పుడు బిట్టు పేలుతది. పొడిగనే నడిపియ్యాలె, గాలికే సల్లారాలె." వస్తుంటే దుకాణం మెట్ల దాకా వచ్చి మళ్లీ చెప్పాడు.

నేను మరచిపోలేదు. ఆ ఉత్తరంలో ఆ మాట రాయవలసిన చోటికి వచ్చి, కలం ఆపి, తర్వాతి మాట రాశాను. నీ పక్కన బాపు నీళ్ల డబ్బా ఉందని తెలుసు. వేడెక్కగానే ముంచడం మన ఇంటి అలవాటని తెలుసు. మామూలు బిట్టుకు అది మంచిదే. దీనికి చావు. తెలిసే రాయలేదు.

ముంచుతున్నానని నువ్వే రాశావు. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పకుండా గర్వం గురించి నీతి రాశాను. గర్వం చేతిని వణికిస్తుందని రాసిన రోజు నా చెయ్యి వణకలేదు.

ఎందుకో చెప్తాను. నాకు పన్నెండేళ్లప్పుడు బాపు కుడిచేతికి వణుకు వచ్చింది. బిట్టు నూరలేకపోయేవాడు. నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టి నేర్పాడు. ఐదేళ్లు బాపు బిట్లన్నీ నేనే నూరాను. అంచులు సమానంగా వచ్చాయో లేదో వేలిగోటితో చెప్పేదాన్ని. "శారీ, నీ గోరు నా స్కేలు బిడ్డా" అనేవాడు. అప్పుడు జీవరాజు పసివాడు. ఆ డబ్బాలో కాగితం పడవలు వేసి నాతో తిట్లు తినేవాడు. నాకు పెళ్లి కుదిరిన రోజు అవ్వ నా చేతులు కుంకుడుకాయలతో తోమింది. "మసిచేతులు సూస్తే అత్తగారోళ్లు ఏమనుకుంటరు? ఇగ షెడ్డుకు పోకు" అంది. బాపు అక్కడే ఉన్నాడు. చాయ్ తాగి షెడ్డుకు పోయాడు. నేను అత్తగారింటికి వచ్చిన ఏడే నువ్వు పుట్టావు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ముప్పై తొమ్మిదేళ్లు.

నాకు మూసిన తలుపు నీకు జీవరాజు తెరిచాడు. నీ చేతి మసిని పాస్టరమ్మ ముట్టుకుని మెచ్చుకుంది. అది చూసి అక్కగా నేను సంతోషపడాలి. పడలేదు. నువ్వు 'మొదటి ఆడబిడ్డ' అని రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. దాని మీద దీపపు బుడ్డి పెట్టాను. మర్నాడు ఆత్మారాం దుకాణానికి పోయాను.

కుళ్లు అంటే గొంతు చించుకుని పోట్లాడే ఆడవాళ్లకు ఉండేదనుకున్నాను. మెల్లగా మాట్లాడేవాళ్లకు కూడా ఉంటుంది. నాకు ఉంది.

ఇంకా రెండు బిట్లు పంపుతున్నాను. ఆ డబ్బా షెడ్డులోంచి తీసెయ్యి. రెండు బిట్లను మార్చి మార్చి పెట్టు. ఒకటి పని చేస్తుంటే ఇంకొకటి గాలికి ఆరుతుంది. చెమటకు అద్దాలు జారకుండా వెనక దారం కట్టుకో.

దేవునికి చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. నీకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పడమే సరి అనిపించింది. జవాబు రాయకపోయినా తప్పు పట్టను.

శారమ్మ

*

బోధన్
అక్టోబరు 15

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. నా మీద కుళ్లుకునే మనిషి కూడా ఈ లోకంలో ఉందా అని. మొగుడు లేదు, పిల్లల్లేరు, అన్న పంచన ఒక మంచం. నా దగ్గర ఏముందని?

నేనే నీ మీద కుళ్లుకునేదాన్ని. నీకు తెలియదు. నువ్వు గుడిలోకి వస్తే పెద్దలు కూడా జరిగి చోటిస్తారు. హాస్టలు పిల్లలు లేచి నిలబడతారు. నీకు తలనొప్పి వస్తే బావ చాయ్ పెట్టిస్తాడు. "శారక్క అన్నది" అంటే మన ఇంట్లో ఇక మాట లేదు. మా ఆయన పోయినప్పుడు నువ్వు నా పక్కన మూడు రోజులు కూర్చున్నావు. నాకేమనిపించిందో చెప్పనా? ఈమెకు లేచి పోవడానికి ఒక ఇల్లుంది అనిపించింది.

రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. కనుబొమ్మ మీద చెయ్యి పెట్టుకుని చదివాను. మొదటి తప్పు నాకు అర్థమవుతుంది అక్కా. ఆ స్టూలు మీద నిన్ను తలుచుకుంటే నాకే బాధేసింది. రెండోది అర్థం కాదు. నేను నీళ్లలో ముంచుతున్నానని రాసి, ఎక్కడ తప్పో చెప్పమని అడిగాక కూడా నువ్వు చెప్పలేదు. ప్రార్థిస్తున్నాను అని రాశావు. ఆ ప్రార్థన ఏమని చేశావు?

సోమవారం అన్న పని మీద బాల్కొండ పోయాడు. వదినను బతిమాలి షెడ్డు తాళం తీసుకున్నాను. డబ్బా తీసుకెళ్లి బావి గట్టు మీద పెట్టాను. నువ్వు రాసినట్టు రెండు బిట్లు మార్చి మార్చి, పొడిగా, గాలికి ఆరబెడుతూ తొమ్మిది కత్తులు చేశాను. ఒక్కటీ విరగలేదు. మోత కూడా మారలేదు. సాయంత్రం అన్న వచ్చి చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. పెద్దగా అరిచాడు. "ఒక కుట్టు మానకముందే మళ్ల మిషను ముట్టినవా? ఈసారి కన్నే పోతది. నీ చేతిల దోషముంది రూతీ, ఇయ్యాల కాకుంటే రేపు పగుల్తది. నాందేడాయన్ని పిలుసుడు పిలుసుడే" అని తాళం తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంకా ఇరవై కత్తులు మిగిలాయి.

నీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. నీ పరువు నేను తీయను. చెప్పేదుంటే నువ్వే చెప్పు. ఆదివారం మీ ఇంటికే వస్తున్నారు.

రూతమ్మ

*

నిజామాబాద్
అక్టోబరు 21

రూతీ,

నీ ప్రశ్నకు ముందు జవాబు. చేయలేదు. ప్రార్థిస్తున్నాను అని రాశాను, అంతే. ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచి జీవరాజు కార్డు వచ్చిన దాకా నీ పేరు నా నోట రాలేదు. 

నిన్న గుడి అయ్యాక జీవరాజు, మరదలు ఇంటికి వచ్చారు. అన్నాలు తిన్నాం. సాయంత్రం అందరం వసారాలో చాప మీద కూర్చున్నాం. జీవరాజు నాందేడ్ మిస్త్రీ మాట ఎత్తాడు. "కబురు పెట్టకముందు నేను చెప్పేది విను" అన్నాను. నీకు రాసిందంతా చెప్పాను. నీకు రాసినప్పటికంటే కష్టమైంది. ఎదురుగా ముఖాలున్నాయి కదా.

జీవరాజు మొదట నమ్మలేదు. "నువ్వా అక్కా? నువ్వా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత లేచి చెప్పులేసుకుని వాకిట్లోకి పోయాడు. మళ్లీ వచ్చి గడపలో నిలబడి, "గా పడవలు నాకు యాదికున్నయ్. సాన దగ్గర ఎర్ర లంగా ఒకటి యాదికుంది. అది అవ్వ అనుకున్న ఇన్నేండ్లు" అన్నాడు. మరదలు ఊరుకోలేదు. "ఊరంతా డప్పు గొట్టితివి మొదటి ఆడిబిడ్డ అని. పో, ఇగ రెండోది అని మళ్ల గొట్టిరా" అంది. ఎవరూ నవ్వలేదు. తర్వాత వాడికి నిజంగా కోపం వచ్చింది. "కన్ను పోయుంటే? అక్కా, దాని కన్ను పోయుంటే?" అన్నాడు.  

మీ బావ ఒక్కటే అడిగాడు: "రూతి ఏమన్నది?" నీ ఉత్తరం ఇచ్చాను. పైకి చదివాడు. నా ప్రార్థన గురించి నువ్వు అడిగిన చోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఈ ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన ముందు నేను తల దించుకోవడం అదే మొదలు.

ఇది కూడా రాయాలి. నువ్వు తొమ్మిది కత్తులు విరగకుండా చేశానని ఆయన చదువుతుంటే నాకు మళ్లీ అదే కలిగింది. లోపల సన్నగా, మండినట్టు. చెప్పుకుంటే పోతుందనుకున్నాను. పోలేదు. అది ఉండగానే రాస్తున్నాను.

నిన్న సాయంత్రం అందరం కలిసి నిశ్చయించింది ఇది. నాందేడ్ మిస్త్రీని పిలవరు. మిగిలిన ఇరవై కత్తులు నువ్వే చేయాలి. తుకారాం దగ్గరికి జీవరాజు స్వయంగా పోయి, విరిగిన బిట్లకు నీ చెయ్యి కారణం కాదని చెప్తాడు. ఎవరు కారణమో చెప్పాలా అని నన్నడిగాడు. చెప్పమన్నాను. బర్మా మిషను, సాన ఇకనుంచి నీవి. కత్తులు పూర్తయినా కాకపోయినా నీవే. షెడ్డు తాళంచెవి రెండోది చేయిస్తాడు, అది నీ దగ్గరే ఉంటుంది. చాట ఎవరికైనా ఇచ్చెయ్యమని మరదలు చెప్పమంది.

శనివారాలు వచ్చి నన్ను కూడా సాన మీద కూర్చోమని జీవరాజు అడిగాడు. "ఇద్దరక్కచెల్లెండ్లు కూసోండ్రి, ఊరు సూడనీ" అన్నాడు. నాకు రావాలని ఉంది. చాలా ఉంది. అందుకే రానన్నాను. నువ్వు పిలిచేదాకా నేను షెడ్డు గడప తొక్కకూడదని నిర్ణయమైంది. నువ్వు ఎప్పటికీ పిలవకపోయినా ఎవరూ నిన్ను అడగకూడదని కూడా.

ఇక బిట్లు. అవి నా చేతి మీదుగా రాకూడదని నేనే అడిగాను. కావలసినప్పుడు నువ్వే బస్సెక్కి వచ్చి, గంజ్‌లో దిగి, నువ్వే ఎంచుకుని, ఆత్మారాం చెప్పేది నీ చెవులతో నువ్వే వినాలి. జీవరాజు, "గంత అవసరం లేదక్కా" అన్నాడు. మీ బావ, "అవసరమే" అన్నాడు. అట్లాగే ఖాయమైంది.

శారమ్మ